వంశధార నీళ్ల పంపకం: గజపతి, రాయగడ జిల్లాల తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

కాశీనగర్, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల వంశధార మీదా దానిలో కలిసే గెడ్డల మీదా ఆధారపడి సాగుచేసే తెలుగు కుటుంబాల కోసం ఈ పేజీ. ఏటి అవతల ఆంధ్ర, ఇవతల ఒడిశా. పేపర్లలో టీఎంసీలు కనిపిస్తాయి, పొలంలో అంగుళాలు కావాలి. ఆ రెండింటి మధ్య ఉన్న లెక్కను వీలైనంత విడమరిచి చెప్పాం.

వంశధార అసలు ఎవరి నది?

ఇద్దరిదీ. కలహండి జిల్లా లాంజీగఢ్ వైపు కొండల్లో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా దిగి, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 254 కిలోమీటర్లు. అందులో దాదాపు 29 కిలోమీటర్లు ఏరే రెండు రాష్ట్రాలకూ సరిహద్దు: ఎడమ గట్టు మనది, కుడి గట్టు ఆంధ్రది. పరీవాహక ప్రాంతం పదివేల చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. అందులో ఇంచుమించు నాలుగింట మూడొంతులు ఒడిశాలోనే ఉంది. వాన ఎక్కువగా పడేది ఎగువన, పెద్ద ఆయకట్టు ఉన్నది దిగువన. ఆంధ్ర వైపు శ్రీకాకుళం జిల్లాలో ఏటి మీదున్న గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ కింద ఒక్కదానికే దాదాపు లక్షా 48 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. తగవు పుట్టింది ఈ తేడాలోనే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ప్రాంతం రెండుగా చీలింది. గీత మనుషుల మధ్య పడింది గానీ గెడ్డలు దాన్ని పట్టించుకోలేదు. పర్లాకిమిడి మీదుగా పారే మహేంద్రతనయ ఇవాళ్టికీ ఇక్కడి వాన నీటిని తీసుకెళ్లి అవతలి వంశధారలో కలుపుతూనే ఉంది.

"సగం సగం" అంటారు కదా, అది ఎక్కడి లెక్క?

1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలూ కుదుర్చుకున్న ఒప్పందం. గొట్టా దగ్గర దొరికే నీటిని 115 టీఎంసీలుగా లెక్కవేసి చెరి సగం, అంటే 57.5 టీఎంసీల చొప్పున పంచుకున్నారు. తరువాత ఈ తగవు తేల్చడానికి వచ్చిన నదీజల వివాదాల ట్రిబ్యునల్ కూడా ఈ సగం సగాన్నే నిలబెట్టింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ 57.5 ఏడాది మొత్తానికి సంబంధించిన అంకె. జులైలో రోజుకు ఇంత, మార్చిలో రోజుకు ఇంత అని అందులో లేదు. వాటా ఏడాదికి కుదిరింది, కొరత మాత్రం పదిహేను రోజుల్లో వచ్చిపోతుంది. ఉభాలు (నాట్లు) వేసేటప్పుడు ఒక పక్షం, చేను పొట్ట మీద ఉన్నప్పుడు ఒక పక్షం నీళ్లు అందకపోతే, ఏడాది లెక్కలో మన వాటా పూర్తిగా మిగిలి ఉన్నా పంట దక్కదు. ఇకపై చెప్పే జవాబులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

టీఎంసీ అంటే మా ఎకరాల లెక్కలో ఎంత?

వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరం మీద అడుగు లోతు నిలిపితే 43,560 ఘనపుటడుగులు కాబట్టి, ఒక టీఎంసీ 22,957 ఎకరాల మీద అడుగు లోతు నీటికి సమానం. వరికి దమ్ము నుంచి కోత ముందు దాకా మొత్తం నాలుగడుగుల నీరు కావాలనుకుంటే, వాన అసలు లేకుండా ఒక టీఎంసీ సుమారు 5,700 ఎకరాలకు సరిపోతుంది. అదీ పొలంలోకి చేరిన నీటి మాట. కాలువలో ఇంకిపోయేది, కారిపోయేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. చోడి (రాగి), మొక్కజొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకైతే అదే నీరు రెట్టింపు విస్తీర్ణానికి వస్తుంది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే ఇంచుమించు రెండు ఎకరాల మీద అడుగు లోతు నీరు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి, పేపర్లో ఏ వార్త చదివినా పనికొస్తాయి.

వరదలో అంత నీరు సముద్రం పాలవుతుంటే రెండు రాష్ట్రాలకూ తగవెందుకు?

లక్ష క్యూసెక్కుల వరద ఒక్క రోజు పారితే 8.64 టీఎంసీలు. రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి వాదించుకున్న కాట్రగడ్డ మళ్లింపు మొత్తం 8 టీఎంసీలు. అంటే పెద్ద వరద ఒక్క రోజు మోసుకెళ్లే నీటికన్నా తక్కువ. నీటి మొత్తమే అసలు తగవైతే ఇది ఎప్పుడో తెమిలిపోయేది.

అయితే వరద నీటిని ఎక్కడో ఒకచోట నిలపాలి. నిలపడానికి చోటు కావాలి, ఆ చోటు ఎవరి భూమి అన్న ప్రశ్న వస్తుంది. ఎగువన కడితే దిగువవారికి ఎండాకాలంలో ఏరు ఆగిపోతుందని భయం. సరిహద్దులో కడితే గట్టు ఇవతల ఊళ్లు మునుగుతాయనీ, ఇసుక మేట మారి ఏరు దారి తప్పుతుందనీ మనవారి భయం. రెండు భయాలూ కల్పితాలు కావు. 115 టీఎంసీలను ఏడాది పొడవునా సమానంగా పరిస్తే రోజూ 3,650 క్యూసెక్కులు పారాలి. కానీ ఏటిలో పారే నీటిలో అత్యధిక భాగం జూన్, అక్టోబరు మధ్యనే పోతుంది. మిగిలిన నెలల్లో ఇసుక మధ్య పాయలుగా పారే ఆ కాస్త నీటి మీదే తాగునీటి బావులు, లిఫ్టులు, పశువులు అన్నీ ఆధారపడి ఉంటాయి.

కాట్రగడ్డ సైడ్ వియర్ అంటే ఏమిటి? అది మన నీళ్లు లాగేస్తుందా?

సైడ్ వియర్ ఏటికి అడ్డంగా కట్టేది కాదు. గట్టును ఒక చోట తగ్గించి, నిర్ణీత ఎత్తులో కాంక్రీటు గోడ కడతారు. ఏటి మట్టం ఆ గోడ శిరస్సు దాటితేనే నీరు పక్కనున్న వరద కాలువలోకి పొర్లుతుంది. దాటకపోతే ఒక్క చుక్క కూడా పోదు. భామిని మండలం కాట్రగడ్డ దగ్గర ఆంధ్ర దీన్ని తలపెట్టింది. అక్కడి నుంచి వరద కాలువ ద్వారా 19.05 టీఎంసీల హిరమండలం జలాశయం నింపాలన్నది ఆలోచన.

2013 డిసెంబరు 17న ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకే, 8 టీఎంసీలకు మించకుండా తీసుకోవచ్చంది. ఎండాకాలపు ప్రవాహం జోలికి పోకూడదన్నదే ఈ షరతులోని సారం. మన రైతులకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది 8 అనే అంకె కాదు, నవంబరు 30 అనే తేదీ.

ఇక కొలత సంగతి. గోడ మీద పొర్లే నీరు ఎత్తుతో సమానంగా పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. గోడ మీద అడుగు ఎత్తున పారే నీరు రెండడుగులైతే ప్రవాహం రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. అడుగు ఎత్తున పారుతున్నప్పుడు కొలబద్ద మీద ఒక్క అంగుళం తప్పు చదివితే లెక్కలో 12, 13 శాతం తేడా వస్తుంది. రెండు రాష్ట్రాల రిజిస్టర్లలో అంకెలు కలవకపోవడానికి ప్రతిసారీ మోసమే కారణం కానక్కర్లేదు. చాలాసార్లు ఆ అంగుళమే కారణం. అందుకే గేజీ (మట్టం కొలిచే పలక) దగ్గర రెండు వైపుల వారూ కలిసి నిలబడి చదవాలని గట్టిగా అడగాలి.

నేరడి బ్యారేజీ కడితే మనకు లాభమా, నష్టమా?

2017 సెప్టెంబరు 13న జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షతన ట్రిబ్యునల్ తుది నిర్ణయం ఇచ్చింది. నేరడి దగ్గర బ్యారేజీకి ఆంధ్రకు అనుమతి దక్కింది. దానికి ఒడిశా వైపు కావలసిన సుమారు 106 ఎకరాల భూమిని ఆంధ్ర ఖర్చుతో సేకరించి ఇవ్వాలని చెప్పింది. ఏళ్లు గడిచినా అక్కడ బ్యారేజీ లేవలేదు.

బ్యారేజీకీ సైడ్ వియర్‌కూ తేడా ఏమిటంటే, బ్యారేజీ ఏటికి అడ్డంగా గేట్లతో నిలబడి మట్టాన్ని పైకి లేపుతుంది. అందువల్ల ఎడమ గట్టున కూడా తూము పెట్టి కాశీనగర్ వైపు నీరు పారించే వీలుంది. మట్టం లేచి ఉంటుంది కాబట్టి లోతు నుంచి తోడే కరెంటు ఖర్చు తగ్గుతుంది. మా దృష్టిలో ఇది నిజమైన లాభం. కానీ అది దానంతటది దక్కదు. ఎడమ తూము కింద కాలువ తవ్వాలి, దానికి భూమి కావాలి, పిల్లకాలువలు కావాలి. ఆ పని ఒడిశా వైపు జరగకపోతే తూము ఉన్నా నీరు పొలానికి చేరదు.

నష్టాల సంగతీ చెప్పాలి. గేట్లు మూసి ఉన్నప్పుడు ఎగువన ఇసుక మేటవేస్తుంది. ఇసుకను కడిగేసే గేట్లు వరదలో సకాలంలో ఎత్తకపోతే గట్టు ఇవతల పల్లపు పొలాల్లో నీరు నిలుస్తుంది. గెడ్డలు ఏటిలో కలిసే చోట వెనక్కి తన్నుతుంది. అందుకే 106 ఎకరాల పరిహారంతోపాటు గెడ్డ మూతుల దగ్గర ఒకవైపు తెరుచుకునే తలుపులు, పల్లపు చేలకు మురుగు కాలువలు ఒప్పందంలో రాయించుకోవాలి. కట్టిన తరువాత అడిగితే ఎవరూ పలకరు.

ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక ఇంకా వాదులాట ఏమిటి?

1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం ప్రకారం ముందు ఒక రాష్ట్రం కేంద్రానికి ఫిర్యాదు చేయాలి. ఒడిశా 2006లో చేసింది. సుప్రీంకోర్టు 2009 ఫిబ్రవరిలో ఆదేశించాక 2010 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఏర్పడింది. తీర్పు వచ్చాక మూడు నెలల్లో రాష్ట్రాలు వివరణలు కోరవచ్చు. ఇక్కడా కోరారు, 2021 జూన్‌లో అనుబంధ నివేదిక వచ్చింది. కేంద్రం గెజిట్‌లో ప్రచురించాకే తీర్పుకు సుప్రీంకోర్టు ఉత్తర్వుతో సమానమైన బలం వస్తుంది. పైగా 2016 డిసెంబరులో కావేరి కేసులో సుప్రీంకోర్టు, ట్రిబ్యునల్ తీర్పుల మీద రాష్ట్రాల అప్పీళ్లు వినే అధికారం తనకుందని చెప్పింది. ఒడిశా ఆ దారిలోనే వెళ్లింది. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడారు కూడా.

నేను సొంతంగా ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చా?

కుదరదు. ఈ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వమే ఫిర్యాది. రైతు గానీ, సంఘం గానీ వెళ్లలేరు. కానీ మీ కాగితాలు మీ రాష్ట్రపు వాదనకు పనికొస్తాయి. ఏ తేదీన ఏ లిఫ్టు ఆగింది, ఎన్ని ఎకరాల ఆకుమడి ఎండింది, ఏటి మట్టం ఎంత ఉంది అన్నవి తేదీలతో రాసి పానీ పంచాయత్ (నీటి పంపకం చూసే రైతు సంఘం) తీర్మానంగా జేఈకి (జూనియర్ ఇంజినీరుకు), నకలు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు ఇచ్చి, రసీదు తీసుకోండి. "నీళ్లు రాలేదు" అన్న అర్జీకి విలువ లేదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫుట్ వాల్వ్ (పంపు పైపు అడుగున నీటిలో మునిగి ఉండే వాల్వ్) బయటపడింది, 42 ఎకరాలు" అన్న అర్జీకి ఉంది.

ఏటి మట్టం ఎక్కడ చూడాలి? గేజీ ఎలా చదవాలి?

వంశధార మీద గుణుపురం, కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం కొలత కేంద్రాలున్నాయి. ప్రమాద స్థాయి గుణుపురంలో 84.00 మీటర్లు, కాశీనగర్‌లో 54.60 మీటర్లు. ఈ అంకెలు ఏటి లోతు కావు, సముద్ర మట్టం నుంచి లెక్క. వరద రోజుల్లో ఒడిశా బులెటిన్‌లో గుణుపురం మట్టం ఎక్కుతోందని కనిపిస్తే కాశీనగర్ వాళ్లు మోటార్లు పైకి లాక్కోవడానికి తగినంత వ్యవధి ఉంటుంది.

గేజీ పలక తెల్ల ఎనామిల్ మీద నల్ల అంకెలతో ఉంటుంది. అడుగు భాగమంతా నాచు పట్టి, సరిగ్గా ఎండాకాలంలో కావలసిన అంకెలే కనబడకుండా పోతాయి. కొబ్బరి పీచుతో రుద్ది కడిగాకే చదవండి. అల ఊగుతుంటే పై అంకె, కింది అంకె రెండూ చూసి మధ్యది రాయండి. రోజూ ఒకే వేళకు, ఉదయం ఎనిమిదికి చదివితే మేలు. పక్కన ఆ రోజు వాన, నడిచిన పంపుల సంఖ్య కూడా రాస్తే మూడేళ్లకు మీ ఊరి పుస్తకం ఏ ఆఫీసు రిజిస్టరుకూ తీసిపోదు.

మన వాటా నీటిని ఒడిశాయే వేరే చోటికి మళ్లిస్తోందా?

కొంత మళ్లిస్తోంది. వంశధారలో కలిసే హరభంగి మీద గజపతి జిల్లాలో డ్యాం కట్టి, సొరంగం ద్వారా రుషికుల్య వైపు, అంటే గంజాం పొలాలకు నీరు పంపుతున్నారు. ఇది ఒడిశా వాటాలోనిదే, తప్పు పట్టడానికి లేదు. గుణుపురం వైపు బడనాళ ప్రాజెక్టు కూడా ఆ వాటాలోదే. అయితే ఎగువ, దిగువ అన్న మాట రాష్ట్రాల మధ్యే కాదు, ఒకే రాష్ట్రంలోని రెండు జిల్లాల మధ్య కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. సరిహద్దు బ్లాకుల అవసరం భువనేశ్వర్‌లో వినిపించాలంటే ముందు మనం లెక్క చూపాలి.

పూర్వం ఏటి నుంచి నేరుగా కాలువలోకి నీరు వచ్చేది. ఇప్పుడు ఏటిలో నీరున్నా కాలువ ఎక్కడం లేదు. ఎందుకు?

ఇసుక పోయింది. ఏటి నుంచి నేరుగా తీసిన కాలువల మూతి గడప ఒక నిర్ణీత ఎత్తులో ఉంటుంది. ఏటి అడుగు రెండడుగులు దిగితే అదే ప్రవాహం రెండడుగుల కింద పారుతుంది, గడప పొడిగా మిగిలిపోతుంది. ఏటిలో నీరు తగ్గిందని ఎగువవారిని తిట్టుకుంటాం గానీ, చాలా చోట్ల తగ్గింది నీరు కాదు, ఏటి అడుగు.

చేయగలిగినవి: కాలువ మూతికి ఎగువన, దిగువన ఇసుక తవ్వకం ఆపమని గ్రామసభ తీర్మానం చేసి తహసీల్దారుకు ఇవ్వాలి. ఆ ఏడాదికి ఇసుక బస్తాలతో ఏటి పాయను మూతివైపు మళ్లించే అడ్డకట్ట వేసుకోవచ్చు. ఏటి మొత్తానికి అడ్డం వేయకూడదు, పాయ ఒక్కదాన్నే మళ్లించాలి. దిగువవారికి కనీసం ఒక పాయ వదలాలి. మూతి గడపను కిందికి దించడం తేలికగా కనిపిస్తుంది గానీ, అప్పుడు వరదలో ఇసుక మొత్తం కాలువలోకి వస్తుంది. గేటు లేకుండా ఆ పని చేయవద్దు.

ఇసుక పోతే తాగునీటి ఊట బావులు కూడా దెబ్బతింటాయి. ఏటి ఇసుక నీటిని వడకట్టే జల్లెడే కాదు, ఎండాకాలానికి దాచి ఉంచే కొట్టు కూడా.

లిఫ్టు మోటారు తిరుగుతోంది, నీరు రావడం లేదు. ఏం చూడాలి?

ముందు ఫుట్ వాల్వ్. నీటి మట్టానికి కనీసం రెండడుగుల లోతున మునిగి ఉండాలి, లేకపోతే సుడి తిరిగి గాలి లాగుతుంది. రెండోది ఎత్తు. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు నీటి మట్టం నుంచి ఆరేడు మీటర్లకు మించి లాగలేదు. ఏరు దిగిందంటే పంపును కిందికి దించాలే గాని పెద్ద మోటారు పెడితే లాభం లేదు. మూడోది సక్షన్ పైపు జాయింట్లు: చుక్క కారే చోట నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. సబ్బు నురగ రాస్తే కనబడుతుంది. గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు వస్తే వెంటనే ఆపండి, పంపు లోపల తిరిగే చక్రం, ఇంపెల్లర్, అరిగిపోతోందని అర్థం.

మా కాలువ చివరి పొలాలకు వంతు ఎప్పుడూ రాదు. పంపకం ఎలా చేయాలి?

ఒడిశాలో 2002 పానీ పంచాయత్ చట్టం ప్రకారం పిల్లకాలువల నిర్వహణ, పంపకం రైతు సంఘానిదే. ప్రతి చక్‌కూ (ఒక తూము కింది పొలాల భాగానికీ) ముగ్గురు సభ్యుల కమిటీ, ఎగువ, మధ్య, శివారు భాగాల నుంచి ఒక్కొక్కరు. శివారు సభ్యుడి కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడే సగం సమస్య. అవతల ఆంధ్రలో 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఇదే పని చేస్తాయి.

వంతు లెక్క ఇలా కట్టండి. తూము నుంచి ఒక క్యూసెక్కు వస్తోంది, దాని కింద 60 ఎకరాలు ఉన్నాయనుకుందాం. వారానికి 168 గంటలు. కాలువ నిండటానికి పోయే సమయం 6 గంటలు తీసేస్తే 162. అంటే ఎకరానికి 2 గంటల 42 నిమిషాలు. ఆ సమయంలో ఎకరం మీద పడేది 2.7 అంగుళాల నీరు. పిల్లకాలువలో నాలుగో వంతు పోతే చేతికి రెండంగుళాలు, సుమారు 50 మిల్లీమీటర్లు. వాన లేని వారంలో నిలిచిన వరికి ఆవిరి, ఇంకుడు కలిపి 60 మిల్లీమీటర్ల దాకా కావాలి. అంటే ఒక్క వంతు దొంగిలించినా శివారు చేను నెర్రెలిస్తుంది. పొలం గుల్లనేల అయితే ఇంకా తొందరగా.

మూడు నియమాలు తప్పనిసరిగా పెట్టుకోవాలి. కొరత ఉన్నప్పుడు వంతు శివారు నుంచి మొదలై ఎగువకు రావాలి. రాత్రి వంతులు ఒకే ఇంటికి పడకుండా ప్రతి వారం 12 గంటలు జరపాలి. కాలువ నింపే సమయాన్ని అందరి ఖాతాలో వేయాలి, మొదటి పొలం వాడి ఖాతాలో కాదు. పట్టికను ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ రాసి తూము దగ్గర అంటించండి. మీ వంతు ఎప్పుడో మీరే చదువుకోగలిగితే సగం తగవులు పుట్టవు.

తూము నుంచి ఎంత వస్తోందో మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు. వంపు లేకుండా తిన్నగా ఉన్న 30 అడుగుల కాలువ ముక్క చూసుకోండి. రెండు చివరలా తాడు కట్టండి. పై తాడుకు నాలుగడుగుల ముందు నిమ్మకాయ వేసి, పై తాడు నుంచి కింది తాడు చేరేందుకు పట్టిన సెకన్లు చూడండి. ఐదుసార్లు చేసి, గట్టును రాసుకుపోయినవి వదిలేసి సగటు తీయండి. 30ని సెకన్లతో భాగించి, 0.85తో గుణించండి, ఎందుకంటే పై నీరు అడుగు నీటికన్నా వేగంగా పోతుంది. దాన్ని వెడల్పు, సగటు లోతులతో గుణిస్తే క్యూసెక్కులు. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు, 25 సెకన్లన్నర పడితే మూడు క్యూసెక్కులు. తూము దగ్గర, శివారులో ఒకేరోజు కొలిస్తే మధ్యలో ఎంత పోతోందో తెలిసిపోతుంది. సగానికి పైగా పోతుంటే ముందు ఎలకల బొక్కలు, తూము తలుపు రబ్బరు చూడండి, తరువాత మనుషులను అనుమానించండి.

కరవు ఏడు వస్తే ముందు ఎవరికి ఇవ్వాలి?

తాగునీరు ముందు. 2012 జాతీయ జలవిధానమూ ఇదే చెబుతుంది. ఇందులో సరిహద్దు చూడకూడదని మా గట్టి నమ్మకం. హిరమండలం నీరు కిడ్నీ జబ్బులతో కుంగిన ఉద్దానం ఊళ్ల గొంతు తడపడానికి వెళుతోంది. ఆ నీటి మీద పేచీ పెట్టుకోవడం మనకు తగదు.

ఆ తరువాత పొట్ట మీద, ఈనిక మీద ఉన్న చేను. ఈ దశలో పదిరోజులు ఎండితే గింజ తాలుపోతుంది, మళ్లీ నీరు పెట్టినా తిరిగిరాదు. ఆకుమడికి ఆఖరు, ఎందుకంటే దాన్ని మళ్లీ పోసుకోవచ్చు. ఆగస్టు నడిమికి ఉభాలు పడకపోతే 145 నుంచి 150 రోజుల స్వర్ణ మీద ఆశ వదులుకుని, 120 రోజుల ఎంటీయూ 1010 వంటి రకానికి మారాలి. మెట్ట చేలకు చోడి ఉండనే ఉంది. ఏటి నీళ్లు నవంబరులో ఎలాగూ పలచబడతాయి. ఆ నెలలో నీరు అడిగే పంట పెట్టుకోవడమే తప్పు.

నీరు తగ్గించే పనిముట్టు ఒకటి ప్రతి రైతూ చేసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పీవీసీ గొట్టం తీసుకుని, కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేసి, ఆ సగం మడిలో పాతి లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు దిగేదాకా తడి పెట్టనక్కర్లేదు. దిగాక ఐదు సెంటీమీటర్లు పెట్టండి. ఉభాలు వేసిన మొదటి రెండు వారాలు, పూతకు వారం ముందు నుంచి వారం తరువాత దాకా మాత్రం మడి ఆరనివ్వకూడదు. గట్టు పక్కన పాతవద్దు, అక్కడ నీరు ఊరి తప్పు లెక్క చూపిస్తుంది.

వంశధార కాకుండా వేరే ఏర్ల మీద ఇలాంటి ఒప్పందాలున్నాయా?

నాగావళిలో కలిసే జంఝావతి మీద ఉంది. ముంపు ఒడిశాలో పడుతుందన్న పేచీతో డ్యాం పూర్తికాక, ఆంధ్ర 2006లో రబ్బరు డ్యాం వేసి ఉన్న నీటిని వాడుకోవడం మొదలుపెట్టింది. పూర్తి ఒప్పందం కోసం ఆగకుండా ముంపు లేని ఎత్తులో పని జరుపుకోవచ్చని అక్కడ తేలింది. మాచ్‌ఖండ్, సీలేరు మీద పంపకం ప్రధానంగా కరెంటుకు సంబంధించింది కనుక ఇక్కడ చర్చించడం లేదు.

గేట్లు, విడుదలల లెక్కలు ఆఫీసులో అడిగితే ఇవ్వడం లేదు. ఎలా?

సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో ఫారం ఏ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. దరఖాస్తు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉండాలి, తెలుగులో రాస్తే తిప్పిపంపే వీలుంది. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. "నీటి పంపకం వివరాలు" అని గుండుగుత్తగా అడగవద్దు. "ఫలానా డిస్ట్రిబ్యూటరీ (పెద్ద కాలువ నుంచి చీలే కాలువ) హెడ్ దగ్గర జులై 1 నుంచి నవంబరు 30 వరకు రోజువారీ గేజీ రిజిస్టరు నకలు" అని అడగండి. నకలు రాగానే మీ ఊరి పుస్తకంలోని ఉదయం ఎనిమిది గంటల అంకెల పక్కన పెట్టి, తేడా ఉన్న తేదీలకు ఎర్ర గీత గీసి, తదుపరి పానీ పంచాయత్ సమావేశానికి జేఈ వచ్చినప్పుడు బల్ల మీద పెట్టండి.